ఆదర్శాలకు కరువు లేదు



గత ఆదివారం మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం నల్లగొండ, పాలమూరు పిల్లలకు కళ్లెదుట ఆదర్శంగా నిలిచే క్రీడాకారులు లేరని, హైదరాబాదు తారలను చూసే నేర్చుకోవాలని తేల్చేసింది. వ్యాసకర్త భువనగిరిలో బస్సు దిగి ఒక్కసారి తలెత్తి చూడాల్సింది.

ఆ ఏకశిల కోట గుట్ట మీదే రాక్ క్లైంబింగ్ బడి ఉంది. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. వాళ్లు తొలి పాఠాలు నేర్చింది ఇక్కడే. అప్పటికి భువనగిరి నల్లగొండ జిల్లాలోదే. పూర్ణ నిజామాబాద్ బిడ్డ కదా అంటారేమో. సరే, పడమటి అన్విత మాటేమిటి? అచ్చంగా భువనగిరి అమ్మాయి, రైతు కూతురు. అదే బడిలో నేర్చుకుని, అక్కడే పిల్లలకు నేర్పి, 2022 మేలో ఎవరెస్టు ఎక్కింది.

క్రికెట్ తారకు చప్పట్లు కొట్టగలం, అంతే. తాడు ఎలా కట్టాలి, ఖర్చులకు ఎవరిని అడగాలి, ఇంట్లో వాళ్లను ఎలా ఒప్పించాలి అని మన పిల్ల అడగగలిగేది పక్క వీధి అక్కనే. ఆ అక్కల పేర్లు మీ పేజీలో శిఖరమెక్కిన రోజు తప్ప మళ్లీ కనిపించవు.

దేవరకొండలో, కోయిల్‌కొండలో కూడా కోట గుట్టలున్నాయి. అక్కడా అలాంటి బడులు పెట్టమని రాయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ