గింజ తీసే చేతులకు యజమాని లేడట!

ఎండాకాలం మొదట్లో వెంకటగిరికోట వీధుల్లో నడిస్తే గడప గడపలోనూ సుత్తి చప్పుడు వినిపిస్తుంది. ఆడవాళ్లు రాయి మీద చింతకాయలు కొట్టి గింజలు, ఈనెలు తీస్తుంటారు. పులుపుకు వేళ్లు పగులుతాయి. రోజంతా వంగి కూర్చుంటే నడుము పడిపోతుంది. సరుకు వ్యాపారిది, కూలి కిలో లెక్కన. "మీ యజమాని ఎవరు?" అని అడిగితే ఒకావిడ నవ్వింది. "ఇంట్లో కూచోని చేసేదానికి యజమాని ఎవరుంటారు మా?"

మన కార్మిక విధానం కూడా సరిగ్గా ఇదే అంటోంది.

ఈ స్త్రీలను కార్మికులుగా గుర్తించాలని ఇలా భట్ నాయకత్వంలోని కమిషన్ 1988లోనే 'శ్రమశక్తి' నివేదికలో చెప్పింది. ఇంటి వద్ద పనిచేసేవారికి ఇతర కూలీలతో సమాన హక్కులుండాలని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒప్పందం చేసింది. భారతదేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. యజమాని కోసం తన ఇంట్లో సరుకు తయారుచేసే వ్యక్తే ఇంటి వద్ద పనిచేసే కార్మికురాలని 2020 సామాజిక భద్రతా స్మృతి నిర్వచించింది. అంటే యజమాని ఉన్నాడని చట్టమే ఒప్పుకుంది! కానీ పీఎఫ్, ఈఎస్‌ఐలను ప్రధానంగా సంస్థలోని తలల లెక్కకే కట్టింది: ఒకదానికి 20 మంది, ఇంకోదానికి 10 మంది. ఇళ్లలో చెదిరి ఉన్న స్త్రీలను ఎవరు లెక్కపెడతారు? 2019 వేతనాల స్మృతి ప్రకారం పీసు రేటుకూ కనీస వేతనం ఉండాలి. కిలో చింతపండు ఒలవడానికి ఎన్ని గంటలు పడుతుందో కొలవకుండా ఆ మాటకు అర్థమేమిటి?

మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. 2021 నుంచి ఇ-శ్రమ్ కార్డులు చేయించి రిపోర్టుల్లో రాసుకుంటున్నాం. నేనూ ఆ పని చేశాను. కార్డు అవసరమే, కాదనను. కానీ దాని మీద పనిచేసే మనిషి పేరుంటుంది, పని ఇచ్చేవాడి పేరుండదు. పొదుపు సంఘాల సమావేశాల్లో ఈ స్త్రీలనే 'వ్యాపారవేత్తలు' అంటున్నాం. సరుకు తనది కాదు, ధర తన చేతిలో లేదు. ఇంకెక్కడి వ్యాపారం?

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఒలిచే సమయాన్ని స్త్రీల సమక్షంలో కొలిచి, దాని మీద కిలో రేటు నిర్ణయించాలి. సరుకు ఇచ్చే ప్రతిసారీ వ్యాపారి పేరు, తూకం, రేటు రాసిన చీటీ ఇవ్వాలి. ఎవరెవరి ఇంటికి పని ఇస్తున్నాడో ఆ జాబితా చూపిన వ్యాపారికే మార్కెట్ లైసెన్సు కొనసాగాలి.

వచ్చే చింతకాయల కాలానికి కార్డుల కట్టతో పాటు ఒక కాటా, ఒక గడియారం కూడా పట్టుకెళ్దాం.