విద్యార్థుల ప్రశ్నలు – జవాబులు: మిరప ఎక్కడిది?

ఈ నెల అందిన ఉత్తరాల్లో చరిత్ర, భూగోళాలకు సంబంధించిన మూడింటికి జవాబులివి.

ప్రశ్న: మిరపను అరబ్బు వర్తకులు తెచ్చారని, నవాబులు ఇక్కడ సాగు చేయించారని మా దాదా అంటారు. పుస్తకంలో పోర్చుగీసువారని ఉంది. హోంవర్కులో ఏది రాయాలి?
– 8వ తరగతి విద్యార్థిని, చిలకలూరిపేట

జవాబు: పోర్చుగీసువారనే రాయమ్మా. మిరప పుట్టిల్లు అమెరికా. 1492లో కొలంబస్ ఆ తీరాలకు చేరిన తరువాతే మిగిలిన ప్రపంచం దాన్ని చూసింది. 1498లో వాస్కో డ గామా కాలికట్‌కు వచ్చాడు. ఆ తరువాత 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు మిరపను మన దేశానికి చేర్చాయి. కొండవీటిని ఏలిన రెడ్డిరాజుల కాలంలో ఈ నేలపై మిరపకాయే లేదు. కారానికి మిరియాలే దిక్కు. ఆ మిరియాలను మలబారు నుండి పశ్చిమ దేశాలకు శతాబ్దాలపాటు చేరవేసినవారు అరబ్బు వర్తకులు. మిరియాల మాట మిరపకు మారి మీ దాదా వరకు వచ్చి ఉండవచ్చు.

మనవారికి చెందని ఘనతను మనవారికి అంటగట్టనక్కరలేదు. పత్తినే చూడు. అది మన ఉపఖండంలో వేల ఏళ్లుగా పండుతున్న పంట. దానికి ఇంగ్లీషులో ఉన్న ‘కాటన్’ అనే పేరు మాత్రం అరబీ పదమైన ‘ఖుత్న్’ నుండి వచ్చింది. ఇది నిజం గనుక నిస్సంకోచంగా రాయవచ్చు.

ఇక దాదాకు ఎలా చెప్పాలన్నది నీ అసలు బెంగ అనుకుంటాను. హదీసు పండితులు ప్రతి ఉల్లేఖనానికీ ‘ఎవరి నుండి విన్నారు?’ అని అడిగేవారు. ఉల్లేఖకుడు ఎంతటి సత్యసంధుడైనా, అతని జ్ఞాపకశక్తి బలహీనమైతే ఆ ఉల్లేఖనాన్ని పక్కన పెట్టేవారు; అంతమాత్రాన అతన్ని అబద్ధీకుడని అనలేదు. నువ్వూ అలాగే దాదా పక్కన కూర్చొని, ‘ఈ మాట మీకు ఎవరు చెప్పారు?’ అని మర్యాదగా అడుగు. తరువాత పుస్తకంలో ఉన్నది చదివి వినిపించు. ఒకప్పుడు నేనూ తరగతిలో ఇదే పొరపాటు చెప్పాను. సరిదిద్దినవాడు నా శిష్యుడే. దానివల్ల నా గౌరవమేమీ తగ్గలేదు.

ప్రశ్న: ఉత్తర సర్కారులు ఆంగ్లేయులకు 1766లో దక్కాయని ఒక పుస్తకంలో, గుంటూరు 1788లో దక్కిందని మరో పుస్తకంలో ఉంది. ఏది సరైనది?
– 9వ తరగతి విద్యార్థి, నరసరావుపేట

జవాబు: రెండూ సరైనవే. 1766 ఒప్పందంలో నిజాం అలీఖాన్ సర్కారులను ఆంగ్లేయులకు ఇచ్చాడు. అయితే గుంటూరు సర్కారు మాత్రం ఆయన సోదరుడు బసాలత్ జంగ్ జీవించి ఉన్నంతకాలం ఆయన వద్దే ఉండాలన్నది షరతు. బసాలత్ జంగ్ 1782లో మరణించాడు. ఆ తరువాత కూడా జాప్యం జరిగి, 1788లో గాని గుంటూరు ఆంగ్లేయుల చేతికి రాలేదు. రెండు తేదీలూ, మధ్యనున్న షరతూ రాస్తేనే జవాబు పూర్తవుతుంది.

ప్రశ్న: మక్కా మనకు పడమర కదా! మా మస్జిదులో సఫ్‌లు కాస్త కుడివైపుకు తిరిగి ఉంటాయెందుకు?
– మదరసా విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఒంగోలు సుమారు 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, మక్కా 21.4 డిగ్రీలపై ఉన్నాయి. అందుచేత మక్కా మనకు నేరుగా పడమర కాదు, వాయవ్యం వైపు కొంత ఒరిగి ఉంది. గోడపటంపై గీత గీస్తే ఆ ఒంపు 8, 9 డిగ్రీలే కనిపిస్తుంది. కాని భూమి గుండ్రనిది. గ్లోబుపై ఒంగోలు నుండి మక్కాకు దారం బిగించి చూడు. అది బయలుదేరే దిక్కు పడమర నుండి ఉత్తరానికి సుమారు 15 డిగ్రీలు ఉంటుంది. గజనీ నగరపు ఖిబ్లాను నిర్ణయించడానికే అల్ బిరూనీ అక్షాంశ రేఖాంశాలపై ఒక గ్రంథం రచించారు. నమాజు కోసం నేర్చిన లెక్క భూగోళ శాస్త్రానికీ మేలు చేసింది.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన విద్యను, తెలియని చోట ‘తెలియదు’ అనగల ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.