రోటవేటరు షాఫ్ట్‌కు గ్రీజు కొడతం, కారు చక్రం వెనక మాత్రం చూడం

ఈసారి పంట సంగతి కాదు, బండి సంగతి. మన ఊళ్లల్ల ఇప్పుడు చాలా ఇళ్ల ముందు సెకండ్ హ్యాండ్ చిన్న కారు ఉంటుంది. కొనేటప్పుడు పది మందిని అడుగుతం. కొన్నాక చక్రం దగ్గర ఒక్కసారి కూడా వంగి చూడం. ఆ నిర్లక్ష్యానికి నేను కట్టిన జరిమానా గురించే ఈ పోస్టు.

పోయిన వానాకాలం మా కారు మలుపు తిప్పినప్పుడల్లా టక్ టక్ టక్ అనుడు మొదలుపెట్టింది. నేరుగా పోతే ఏ చప్పుడూ లేదు. నేనేం చేసిన? పాటల సౌండు పెంచిన! నెల తర్వాత ఒక రాత్రి మా పెద్దమ్మకు ఆయాసం ఎక్కువైతే భద్రాచలం ఆసుపత్రికి బయలుదేరినం. పాల్వంచ దాటినంక చీకటి, అడవి, ఎదురుగా లారీల లైట్లు. మలుపు వచ్చిన ప్రతిసారీ ఆ టకటక. వెనక సీట్లో పెద్దమ్మ ఊపిరి అందక ఎగపోస్తుంటే, ముందు చక్రం ఎక్కడ ఆగిపోతదోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని నడిపిన. ఆ రాత్రి చేరుకున్నం. పెద్దమ్మ కోలుకుంది. కానీ అది నా తెలివి కాదు, అదృష్టం.

ఆ వారమే ఒక షెడ్డుకు పోయి "చప్పుడు వస్తుంది, చూడు" అన్న. అంతే చెప్పిన. ఆయన బ్రేకు ప్యాడ్లు మార్చిండు. చప్పుడు పోలేదు. ఇంకో షెడ్డులో స్టీరింగ్ ర్యాక్ పోయిందన్నరు, ఖర్చు వేలల్లో చెప్పిన్రు. చివరికి ట్రాక్టర్ నడిపే మా బామ్మర్ది వచ్చి, స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పించి, చక్రం వెనక టార్చి లైటు కొట్టి చూసిండు. రబ్బరు బూటు చినిగిపోయి ఉంది. రిమ్ము లోపలంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. "బావా, ఇది మన రోటవేటరు షాఫ్ట్ జబ్బే" అన్నడు.

నిజమే. రోటవేటరు తిరుగుతుండగా ఎక్కువ ఎత్తు లేపితే పీటీవో షాఫ్ట్ ఎట్లా కొట్టుకుంటదో మనకు తెలుసు. క్రాస్ జాయింట్ ఎక్కువ వంగితే తిరుగుడు సాఫీగా ఉండదు. కారులో ముందు చక్రాలు బండిని లాగాలి, మలుపు కూడా తిరగాలి. అందుకే అక్కడ వేరే జాయింట్ పెడతరు, దాన్నే సీవీ జాయింట్ అంటరు. లోపల గాడుల మధ్య ఉక్కు గుండ్లు, చుట్టూ గ్రీజు, పైన రబ్బరు బూటు. గుండ్లతో చేసే ఈ పద్ధతి 1920లలో అమెరికాలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు తయారుచేసింది. మన దేశంలో ముందు చక్రాలు లాగే కారును మామూలు ఇళ్లకు చేర్చింది 1983లో వచ్చిన మారుతీ 800. అంబాసిడర్లు, పాత జీపులు వెనక చక్రాలతో నడిచేవి. ఇప్పటి బొలెరో కూడా అంతే. కాబట్టి బొలెరో టక్కుమంటే చూడాల్సింది ముందు బూటు కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, పట్టీల బోల్టులు.

బూటు చినిగితే చక్రం తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతది. మన వాగుల నీళ్లు, ఇసుక, మట్టిరోడ్ల దుమ్ము లోపలికి పోతయి. గాడులు అరుగుతయి. మలుపులో బరువు పడగానే గుండ్లు టక్ టక్ మంటయి. చినిగిన మొదట్లోనే చూసుకుంటే బూటు, గ్రీజుతో పోయేది. నేను పాటలు విన్నందుకు జాయింటే మార్చాల్సి వచ్చింది.

చాలామంది "మెకానిక్కులంతా దోపిడీ" అంటరు. నా మాట వేరు. సగం తప్పు నాదే. పశువుల డాక్టరు దగ్గరికి పోయి "ఆవుకు బాగలేదు" అని ఊరుకుంటమా? మేత తిన్నదా, నెమరు వేసిందా, పేడ ఎట్లుంది, అన్నీ చెప్తం. కారు దగ్గరికి వచ్చేసరికి మూగోళ్లమైతం. మనం చెప్పకపోతే ఆయన ఊహిస్తడు, ఆ ఊహకు డబ్బులు మనమే కడతం.

అందుకే షెడ్డుకు పోకముందు మీరే వినండి. జనం లేని ఖాళీ జాగాలో అద్దాలు దించి, పాటలు ఆపి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా ముందుకు పోండి. తర్వాత రెండో వైపు తిప్పి చూడండి. కొంచెం రేసు ఇస్తే టకటక పెరిగిందంటే ముందు సీవీ జాయింట్‌నే అనుమానించాలి. ఎడమకు తిప్పినప్పుడు ఎక్కువ వస్తే మామూలుగా కుడి చక్రం వైపు జాయింట్ అయి ఉంటది, ఎందుకంటే మలుపులో బరువు బయటి చక్రం మీద పడతది. అయినా రెండు వైపుల బూట్లూ చూడాలి.

బ్రేకు తొక్కితేనే టక్కుమంటుందా? రివర్స్ చేసి ముందుకు వచ్చి తొక్కినప్పుడు ఒక్కసారే వస్తే, ప్యాడ్లు వాటి జాగాలో వదులుగా కదులుతున్నయేమో చూపించాలి. ప్యాడ్లు మార్చినప్పుడు చిన్న క్లిప్పులు మళ్లీ పెట్టకపోతే ఇట్లయితది. గులకరాళ్ల మీద గట్టిగా తొక్కితే పెడల్ కాలి కింద గరగరమని కొట్టుకుంటే అది ఏబీఎస్ పని, జబ్బు కాదు. కాలు తీయొద్దు, అట్లనే తొక్కి పట్టాలి.

మలుపు లేకున్నా, బ్రేకు తొక్కకున్నా చక్రం తిరిగినంత సేపూ టిక్కు టిక్కుమంటే ముందు టైరు గాడిలో కంకర రాయి ఇరుక్కుందేమో చూడండి. రాయి అయితే స్క్రూడ్రైవరుతో తీస్తే అయిపోతది, పైసా ఖర్చు లేదు.

కానీ రెండు సంగతుల్లో ఒక్క కిలోమీటరు కూడా ఆశపడొద్దు. ఒకటి, చప్పుడుతో పాటు స్టీరింగో బండో ఊగుతుంటే చక్రం నట్లు వదులై ఉండొచ్చు. పంచరు వేయించినంక ఇది ఎక్కువ. బండి ఆపి, ఎదురెదురు నట్లు బిగించుకుంటూ రావాలి. చక్రం విప్పి పెట్టినప్పుడు, ఓ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగినంక మళ్లీ ఒకసారి స్పానర్ పెట్టాలి. రెండోది, గుంతల్లోనూ, స్టీరింగ్ తిప్పినప్పుడూ ముందు కింది నుంచి టక్కుమని కొట్టుకుంటే బాల్ జాయింట్ చూపించాలి. అది ఊడితే చక్రం పక్కకు పడిపోతది. ఆ బండిని నడుపుకుంటూ షెడ్డుకు పోవద్దు, మెకానిక్‌నే పిలిపించాలి.

షెడ్డులో చెప్పాల్సింది నాలుగు మాటలే. ఎప్పుడు వస్తుంది, ఏ వైపు, ఒక్కసారా వరుసగానా, ఈమధ్య ఏం విప్పినం. తర్వాత "ఏది అరిగిందో చూపించు, అప్పుడు మార్చు" అనండి. పని తెలిసిన మెకానిక్ దీనికి ఎప్పుడూ కోపం చేసుకోడు.

రోటవేటరు పొలంలో ఆగితే ఒక పూట పోతది. కారు అడవి రోడ్డు మీద ఆగితే ఏం పోతదో ఆ రాత్రి నాకు తెలిసింది. ఈ వానాకాలం వాగు దాటి వచ్చినప్పుడల్లా, ట్రాక్టరుకు గ్రీజు గన్ పట్టుకున్న చేత్తోనే కారు చక్రం వెనక కూడా టార్చి కొట్టండి.