ఉప్పల్, నాచారం మిద్దె తోటలకు చలి ముప్పు ఎంత? కవర్లు కొనే ముందు చదవండి

డిసెంబరు, జనవరి నెలల్లో టీవీల్లో 'సింగిల్ డిజిట్' ఉష్ణోగ్రతల వార్తలు రాగానే ఉప్పల్, నాచారం, హబ్సిగూడ మిద్దె తోటల పెంపకందారులు అడిగే ప్రశ్న ఒక్కటే. మొక్కలకు కవర్లు కప్పాలా? అని.

సూటిగా చెప్పాలంటే, మన దగ్గర ఆకుల మీద మంచు గడ్డకట్టే పరిస్థితి దాదాపు రాదు. మేం చూస్తున్నంతలో ఈ కాలంలో కుండీ మొక్కల్ని చలికన్నా ఎక్కువగా దెబ్బతీస్తున్నవి రెండు: అవసరానికి మించి పోసే నీరు, పగలు కూడా తీయకుండా ఉంచే ప్లాస్టిక్ కవరు.

వార్తల్లోని అంకె ఎక్కడిది?

వార్తల్లో ముందుగా చెప్పేది ఆ రోజు అతి తక్కువ నమోదైన చోటి అంకె. రాష్ట్రంలో అది తరచూ ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోని మండలం అవుతుంది. నగరం చుట్టుపక్కల అయితే పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వంటి చోట్లు. అక్కడ ఖాళీ నేల ఎక్కువ, రాత్రికి త్వరగా చల్లబడుతుంది. ఉప్పల్, నాచారంలో ఇళ్లు, రోడ్లు, పారిశ్రామికవాడ కట్టడాలు పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి మెల్లగా వదులుతాయి. మూసీ వైపు, చెరువుల పక్కన పల్లపు ఖాళీ స్థలాల్లో మాత్రం చలి కొంచెం ఎక్కువ.

మైదాన ప్రాంతాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకు తగ్గి, అది సాధారణం కన్నా 4.5 డిగ్రీలైనా తక్కువైతే వాతావరణ శాఖ దాన్ని చలిగాలులు అంటుంది. మంచు గడ్డకట్టాలంటే ఇంకా చాలా తగ్గాలి. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రాత్రి, ఆకు చుట్టూ ఉన్న గాలికన్నా ఆకే కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. కాబట్టి కనిష్ఠం 4 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడే ఆ భయం. వాతావరణ శాఖ రికార్డుల్లో హైదరాబాద్ అత్యల్పం 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరి 8న. ఉదయం ఆకులపై మెరిసేది మంచు బిందువులే, గడ్డ మంచు కాదు.

మన ప్రాంతంలో గడ్డ మంచు చూడాలంటే లంబసింగి వైపు వెళ్లాలి. అమెరికాలోని డాలస్‌లో 2021 ఫిబ్రవరి 16న మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. అలాంటి చోట కరివేపాకు కుండీని ఇంట్లోకి తేవాల్సిందే. యూట్యూబ్‌లో కనిపించే కవర్ల సలహాలు చాలావరకు అలాంటి వాతావరణానికి చెప్పినవి.

నిజంగా ఇబ్బంది పడే మొక్కలు

తులసి, తమలపాకు, అరటి, బొప్పాయి, బెండ, తీగజాతి కూరగాయలు, కొత్తగా మొలిచిన నారు చలికి తట్టుకోలేవు. రాత్రి 10-12 డిగ్రీలకు తగ్గితే ఆకులు నల్లబడటం, ఎదుగుదల ఆగడం కనిపిస్తుంది. టమాటాలో రాత్రి 13 డిగ్రీల కన్నా తగ్గితే పిందె సరిగా పట్టదు. పూత రాలిందని వెంటనే మందు కొట్టకండి, రాత్రులు వేడెక్కితే పిందె పడుతుంది. పాలకూర, మెంతి, కొత్తిమీర, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగికి మాత్రం ఇదే మంచి కాలం. వాటికి కవరు అక్కర్లేదు.

చేయాల్సినవి

• వేలిని రెండంగుళాలు మట్టిలో దించి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీరు వద్దు. పోసేది ఉదయం ఎండ వచ్చాక, మొదట్లోనే పోయండి. సాయంత్రం ఆకులు తడపకండి.
• సున్నితమైన కుండీలను పిట్టగోడ పక్కకు, ఉత్తరపు గాలి తగలని చోటికి జరపండి.
• మట్టిపై రెండంగుళాల మందాన ఎండుటాకులు పరవండి. కాండానికి ఆనించకండి.
• 10 డిగ్రీల లోపు సూచన ఉన్న రాత్రి నాలుగు కర్రలు పాతి, పాత నూలు చీరో గోనె సంచో ఆకులకు తగలకుండా కప్పండి. ఉదయం 8 గంటలకల్లా తీసేయండి.
• గులాబీ, మామిడిపై బూడిద తెగులు కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి పిచికారీ చేయండి.

చేయకూడనివి

• ప్లాస్టిక్‌ను నేరుగా మొక్కకు చుట్టవద్దు. రాత్రి తేమ లోపలే నిలిచి తెగుళ్లు వస్తాయి, పగటి ఎండకు లోపల ఉడికిపోతుంది.
• ఎదుగుదల ఆగిందని యూరియా వేయవద్దు. వేరు చురుగ్గా లేనప్పుడు వేసిన ఎరువు వృథా, కుండీలో వేరు మాడే ప్రమాదం కూడా ఉంది.
• నల్లబడిన కొమ్మలను వెంటనే కత్తిరించవద్దు. ఫిబ్రవరిలో కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తుందో చూసి, దాని పైభాగం తీసేయండి.

కవర్లకు పెట్టే డబ్బుతో చిన్న థర్మామీటరు కొని మిద్దెపై నీడలో, మొక్కల ఎత్తున వేలాడదీయండి. వారం రోజులు తెల్లవారుజామున అంకె రాసుకోండి. మీ తోటకు టీవీ వార్త కన్నా ఆ కాగితమే నమ్మకమైన సలహాదారు. సందేహాలుంటే కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.