ఖాళీ గేదె ఖర్చు రైతు ఒక్కడిదేనా?

ఈనిన గేదె మూడు, నాలుగు నెలల్లో మళ్లీ చూడి కట్టాలని పశువైద్యులు చెబుతారు. మన పాకల్లో మాత్రం ఏడాది గడిచినా ఖాళీగా ఉన్న గేదెలు కనిపిస్తూనే ఉన్నాయి. పాలు తగ్గి ఆగిపోతాయి గానీ మేత ఆగదు. మేత, దాణాకు రోజుకు 150 రూపాయలే వేసుకున్నా, ఒక్క ఎద తప్పితే 21 రోజులకు 3,150 రూపాయలు పోయినట్టే. మూడు ఎదలు తప్పితే 9,450. ఈ లెక్క డెయిరీ ఇచ్చే బిల్లులో ఉండదు. రైతు ఇంటి అప్పులో ఉంటుంది.

గేదెలో మూగ ఎద ఎక్కువని మనందరికీ తెలుసు. ఆవులా అరిచి గోల చేయదు, తీగలు వేసినా కంటపడేలా వేయదు. చాలాసార్లు రాత్రి పూట వచ్చి తెల్లారేసరికి పోతుంది. పగటి పొద్దు తగ్గే చలికాలంలో ఎదకు రావడం గేదె స్వభావం. ఎండలు ముదిరితే చాలా గేదెలు ఎద చూపించవు, కొన్ని అసలు ఎదకే రావు. పగలు కూలికి పోయి, పొద్దుపోయాక పాలు పితికే మహిళా రైతు ఆ ఎదను ఎక్కడ కనిపెట్టగలదు? "మీరు సరిగా చూసుకోలేదు" అని ఆమెనే తప్పు పట్టడం అన్యాయం.

ఈ ఇబ్బందికి ఒక సాధనం ఉంది. గేదె యోనిలో పెట్టే సిలికాన్ పరికరం అది. సిడర్ అనే పేరుతో ఎక్కువ మందికి తెలుసు. ఇంగ్లీషు 'టి' అక్షరం ఆకారంలో ఉంటుంది. లోపల నైలాన్ పుల్ల, దానిమీద ప్రొజెస్టెరాన్ కలిపిన సిలికాన్ తొడుగు. లోపల రెక్కలు విచ్చుకుని జారకుండా నిలబడుతుంది, బయటికి ఒక దారం వేలాడుతుంది. సిలికాన్‌లోని మందు రోజూ కొంచెం కొంచెంగా ఊరి రక్తంలో కలుస్తుంది. రోజూ సూది వేసే పని ఉండదు. సాధారణంగా ఏడు నుంచి తొమ్మిది రోజులు ఉంచి, దారం పట్టి లాగేస్తారు. అప్పటిదాకా అందిన మందు ఒక్కసారిగా ఆగిపోవడంతో అండాశయం కదులుతుంది, రెండు మూడు రోజుల్లో ఎద వస్తుంది. పరికరంతో పాటు డాక్టరు వేళ ప్రకారం వేసే ఇతర ఇంజెక్షన్లు కూడా ఉంటాయి. ఎద కోసం కాపు కాయకుండా, చెప్పిన గంటకు వీర్యం ఎక్కించవచ్చు.

ఈ పరికరం న్యూజిలాండ్‌లో పుట్టింది. అక్కడ వందల ఆవుల మందను ఒకే సీజన్‌లో చూడి కట్టించడం అవసరం. మన అవసరం వేరు. ఇంటికి ఒకటో రెండో గేదెలు, వాటిలో ఎద చూపనిది ఒకటి. కాబట్టి అక్కడి పద్ధతిని ఇక్కడ అలాగే దింపితే కుదరదు. మన దేశంలోనే, రాజస్థాన్‌లోని అవికానగర్‌లో ఉన్న కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ గొర్రెల కోసం అవికెసిల్-ఎస్ అనే స్పాంజిని తయారు చేసింది. గొర్రెకు చేయగలిగినవాళ్లం గేదెకు చౌకగా ఎందుకు చేసుకోలేం?

అలాగని ఇది మంత్రదండం కాదు. ఎముకలు తేలిన గేదెకు, ఖనిజ లవణ మిశ్రమం ఎరగని గేదెకు, గర్భకోశంలో చీము ఉన్న గేదెకు దీన్ని పెట్టి ప్రయోజనం లేదు. ఎద వచ్చినంత మాత్రాన చూడి నిలుస్తుందన్న హామీ కూడా లేదు. ముందు మేత, తర్వాత పరీక్ష, ఆ తర్వాతే పరికరం. అన్నిటికన్నా ముఖ్యం, గేదె అప్పటికే చూడితో లేదని చేయి పెట్టి చూసి నిర్ధారించుకోవాలి. దీనితో పాటు వేసే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ చూడి గేదెకు పడితే ఈసుకుపోతుంది. పరీక్ష చేయకుండా అమ్మి పంపేవాళ్లను నమ్మవద్దు.

మరో రెండు జాగ్రత్తలు. ఒక గేదెకు వాడినది కడిగి ఇంకో గేదెకు పెట్టించుకోవద్దు. బ్రూసెల్లోసిస్ లాంటి ఈసుకుపోయే రోగాలు అలా పాకుతాయి, అది మనుషులకూ అంటుతుంది. తీసేసిన దానిలో ఇంకా మందు మిగిలే ఉంటుంది, సిలికాన్ మట్టిలో కుళ్లదు. పెంటకుప్పలో పడేయకుండా ఆసుపత్రికే తిరిగి ఇవ్వాలి. ఈ మందులను చేతి తొడుగు లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు, గర్భిణులు అసలు ముట్టుకోకూడదు.

ఇక అసలు ప్రశ్న, ఖర్చు ఎవరు భరించాలి? కేంద్రం 2019 సెప్టెంబరులో దేశవ్యాప్త కృత్రిమ గర్భధారణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఎంపిక చేసిన జిల్లాల్లో ఇంటి ముంగిట ఉచితంగా వీర్యం ఎక్కిస్తామన్నది. మంచిదే. కానీ ఎదకే రాని గేదెకు ఉచిత వీర్యం ఏం చేస్తుంది? విత్తనం ఉచితంగా ఇచ్చి, నేల తడపకపోయినట్టే ఉంది.

ఇంకో మాట. గేదె పది నెలలకు పైగా మోస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చూడి కడితే తర్వాతి ఏడు ఫిబ్రవరి, మార్చిలో ఈనుతుంది. అంటే పాలకు కొరత ఉండే ఎండాకాలంలో పాలు వస్తాయి. అప్పుడు లాభపడేది రైతు ఒక్కడే కాదు, డెయిరీ కూడా. లాభంలో వాటా ఉన్నప్పుడు ఖర్చులో వాటా ఎందుకు ఉండదు?

కాబట్టి మన సంఘం కోరుతున్నది ఇది:

1. ప్రతి పశువైద్యశాలలో వేసవికి ముందే ఈ పరికరాలు, వాటితో వాడే మందులు నిల్వ ఉంచాలి. సన్న, చిన్నకారు పాడి రైతులకు ఉచితంగా ఇవ్వాలి.

2. గర్భకోశ వ్యాధి శిబిరాలు ఒక్క పూట తంతుగా ముగియకూడదు. పరికరం పెట్టిన డాక్టరే తీసే రోజుకు, వీర్యం ఎక్కించే రోజుకు, చూడి పరీక్ష రోజుకు రావాలి. ఆ తేదీలు చెవి పోగు నంబరుతో రైతు చేతిలోని కార్డు మీద రాయాలి.

3. ప్రైవేటుగా అమ్మే చోట ధర, గడువు తేదీ బోర్డు మీద పెట్టాలి.

4. పాలు సేకరించే డెయిరీలు తమ రైతుల గేదెల చికిత్స ఖర్చులో సగం భరించాలి.

5. గేదెకు సరిపోయే పరికరాన్ని మన పశువైద్య విశ్వవిద్యాలయాలు తక్కువ ధరలో తయారుచేసేందుకు నిధులివ్వాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో సభ్యులు తమ ఊళ్లో ఈని ఆరు నెలలు దాటినా ఖాళీగా ఉన్న గేదెల జాబితా రాయాలి. గేదె ఎన్నిసార్లు ఈనింది, చివరిసారి ఎప్పుడు ఈనింది, ఎన్నిసార్లు వీర్యం ఎక్కించారు, ఎంత ఖర్చయింది, ఈ నాలుగూ చాలు. ఆ జాబితాలతోనే మండల పశువైద్యశాల ముందు, డెయిరీ గేటు ముందు మనం కూర్చుందాం. ఖాళీ గేదెను చూపించి రైతును నిందించే రోజులు పోవాలి. ఖర్చు పంచుకునే రోజు రావాలి.