దిద్దిన చెయ్యి ఎవరిదో చూపించండి

మా తాత నౌపడ ఉప్పు మడుల్లో కూలి. రోజుకి ఎన్ని తట్టలు మోశాడో రాసుకునేది మేస్త్రీ. తాతకి చదువు రాదు. సాయంత్రం ఇంటికొచ్చి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేవాడట. వారం చివర గోడ లెక్కకీ పుస్తకం లెక్కకీ తేడా వస్తే ఏది నెగ్గేదో మీకు చెప్పక్కర్లేదు. "గోడ నాది, పుస్తకం ఆడిది. కూలి పుస్తకం బట్టే ఇత్తారు" అనేవాడని మా అమ్మ చెబుతుంది.

మొన్న పండక్కి ఊరెళితే స్టేషన్ దగ్గర నా పాత విద్యార్థి కనిపించాడు. మా పేటవాడే. పక్కన వాళ్లమ్మ. ఏం చేస్తున్నావురా అంటే, "విశాఖలో సార్. లాయర్ల ఆఫీసులకీ ఆడిటర్ల ఆఫీసులకీ సాఫ్ట్‌వేర్ చేస్తాం. వాళ్ల ఫైళ్లన్నీ మా క్లౌడ్‌లోనే ఉంటాయి" అన్నాడు. వాళ్లమ్మ వెంటనే, "క్లౌడంటే మబ్బే కదేటి బాబూ, కాయితాలు తడిసిపోవా?" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

రైల్లో కూర్చున్నాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మబ్బు అన్నది పేరుకే. అది ఎక్కడో నేల మీద కట్టిన పెద్ద షెడ్డు. లోపల మిషన్లు, వాటికి కరెంటు, చల్లబరచడానికి నీళ్లు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతానని ప్రకటించింది. మబ్బుకీ నేల కావాలి. నేల అనగానే మన పేటల్లో మొదట అడిగేది ఒకటే: కాగితం ఎవరి పేరు మీద ఉంది?

ఆ కుర్రాడు ఇంకో మాట చెప్పాడు. మన దేశంలో కంపెనీలు 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలి. ఏ ఎంట్రీ మార్చినా, ఏ తేదీన ఏం మారిందో అందులో నిలిచిపోవాలి. ఆ లాగ్‌ని ఆపేసే వీలు ఉండకూడదు. లెక్కల కాపీ ప్రతిరోజూ దేశంలోనే ఉన్న సర్వర్‌లోకి చేరాలి. ఇది కంపెనీల చట్టం కింద పెట్టిన నియమం.

అంటే ఏమిటి? వాటాదారుడి డబ్బు విషయంలో, పుస్తకం రాసేవాడి మాట నమ్మి ఊరుకోకూడదని రాజ్యం ఒప్పుకుంది. మా తాత బొగ్గు గీతలు అడిగింది కూడా అదే కదా! వాటాదారుడికి దొరికిన ఆ అనుమానించే హక్కు, డీకేటీ పట్టా ఉన్న మాలకీ మాదిగకీ ఎందుకు దొరకదు?

అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం వచ్చింది. 1984లో కరణాలు పోయారు. పుస్తకం కంప్యూటర్‌లోకి వెళ్లింది. కానీ రాసేవాడు ఒకడు, ఆ రాతతో బతికేవాడు ఇంకొకడు అన్న ఏర్పాటు మాత్రం కదల్లేదు. కరణం చిట్టా చంకలో ఉండేది. ఇప్పుడది పాస్‌వర్డ్ వెనక ఉంది.

ఇక్కడ మన మిత్రులు కొందరితో నాకు పేచీ ఉంది. కంప్యూటర్ అంటేనే కుట్ర, పాత కాగితమే మేలు అంటారు. కాగితం మనకి ఏనాడు చుట్టం? 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరేట్‌లో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. కాలినదానికి వేరేచోట కాపీ లేకపోతే ఆ పేదవాడి దగ్గర మిగిలేది నోటిమాటే. అలాగని మబ్బునీ గుడ్డిగా నమ్మలేం. 2023 నవంబరులో బ్రిటన్‌లో లాయర్ల ఆఫీసులకి సర్వర్లు నడిపే సీటీఎస్ అనే కంపెనీ మీద సైబర్ దాడి జరిగింది. చాలా ఆఫీసుల్లో ఫైళ్లు తెరుచుకోక, ఇళ్లు కొనుక్కునేవాళ్ల రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. ఒక్క కంపెనీ తలుపు మూసుకుంటే అంతమంది వీధిలో నిలబడ్డారు. కాబట్టి కాగితమా, క్లౌడా అన్నది అసలు తగువు కాదు. నా లెక్క కాపీ నా చేతిలో ఉందా, దాన్ని దిద్దినవాడి పేరు నాకు కనిపిస్తుందా అన్నదే తగువు.

కోర్టు సంగతీ ఇంతే. పై కోర్టు సాక్షి ముఖం చూడదు, రికార్డునే చూస్తుంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత సవరించిన అట్రాసిటీ చట్టం 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. అందులోని 15ఎ సెక్షన్, 10వ ఉపసెక్షన్ ప్రకారం ఈ కేసుల విచారణంతా వీడియో తీయాలి. లా చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ జిల్లా కోర్టులో అడగండి. తీస్తున్నారా? ఏ సర్వర్‌లో పెడుతున్నారు? బాధితురాలికి కాపీ ఇస్తారా?

అంబేడ్కర్‌ని మనం విగ్రహంలో చేతిలో పుస్తకంతో చూస్తాం. ఆయన బారిష్టరు. రూపాయి సమస్య మీద 1923లో పుస్తకం అచ్చేసిన ఆర్థికవేత్త. లా, లెక్క రెండూ పట్టుకున్నాడు. ఆ రెండూ వేరేవాళ్ల చేతుల్లో ఉన్నంతకాలం మనకి మిగిలేది గోడేనని ఆయనకి తెలుసు.

అందుకే ఆ కుర్రాణ్ణి ఉద్యోగం మానెయ్యమని నేను అనను. సంతోషించాను కూడా. పుస్తకం ఉండే గదిలోకి మా పేట నుంచి ఒకడు వెళ్లాడు. వాడు నేర్చుకున్న పని మన పేటకి చెప్పాలి, మనం దాన్ని డిమాండ్‌గా మార్చాలి. భూమి రికార్డులో పేరు మారితే ఏ తేదీన, ఎవరి లాగిన్‌తో, ఏ కాగితం చూపించి మార్చారో పట్టాదారు ఫోన్‌కి తెలుగులో రావాలి. ఆ చరిత్రని చెరిపే అధికారం కలెక్టర్‌కి కూడా ఉండకూడదు.

కంపెనీ లెక్కకి ఉన్న కాపలా మా సెంటు భూమికీ పెట్టండి. అంతకంటే ఎక్కువ అడగడం లేదు. తక్కువైతే ఒప్పుకోం.

జై భీమ్.