పీఠం మేయర్‌ది, పెత్తనం కమిషనర్‌ది

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం సూరత్‌ను విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు నగరాన్ని ఆరు జోన్లుగా విభజించి, అధికారాలను జోన్ల అధికారులకు అప్పగించి, ఉదయాన్నే వారిని వీధుల్లోకి నడిపించారు. రెండేళ్లు తిరగకముందే సూరత్ పరిశుభ్రతకు మారుపేరైంది. ఇదంతా అందరికీ తెలిసిన కథే. మరి ఆ రోజుల్లో సూరత్ మేయర్ ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవారు అరుదు. ఆ మరుపులోనే మన స్థానిక పాలన చరిత్ర దాగి ఉంది.

లోపం వ్యక్తులది కాదు, చట్టానిది. నగర కార్యనిర్వాహక అధికారాన్ని కమిషనర్‌కు కట్టబెట్టిన పద్ధతి 1888 నాటి బొంబాయి చట్టంలో స్థిరపడింది. ఎన్నికైన భారతీయుల చేతికి పగ్గాలు ఇవ్వడానికి వలస ప్రభుత్వం సిద్ధంగా లేదు. విచిత్రమేమిటంటే, స్వతంత్ర భారతంలో చేసిన 1949 బొంబాయి ప్రొవిన్షియల్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టమూ అదే బాటలో నడిచింది. 1966లో కార్పొరేషన్‌గా మారిన సూరత్ ఆ చట్టం కిందికే వచ్చింది. అక్కడ మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు. ఆర్థిక విషయాల్లో పట్టు స్థాయీ సంఘానిది, అమలు కమిషనర్‌ది. ఆ కమిషనర్‌ను నియమించేదీ బదిలీ చేసేదీ రాష్ట్ర ప్రభుత్వం. పైగా మేయర్ పదవీకాలం రెండున్నరేళ్లే.

2021 ఎన్నికల్లో 120 స్థానాలకుగాను భాజపా 93, ఆమ్ ఆద్మీ పార్టీ 27 గెలుచుకోగా కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. పార్టీల జాతకాలు తారుమారయ్యాయి గాని, మేయర్ అధికారం అంగుళమైనా పెరగలేదు. మగ్గాల కోసం ఆ నగరానికి వలస వెళ్లిన తెలుగు నేత కుటుంబాలు కార్పొరేటర్‌కు ఓటు వేస్తాయి. మురుగు పొంగితే నిలదీయవలసిన అధికారి మాత్రం వారి ఓటుకు అందడు.

సమర్థుడైన అధికారి ఉంటే చాలదా అని కొందరు అడుగుతారు. రావు చేసిన మేలును ఎవరూ కాదనలేరు. కాని మంచి అధికారి రావడం ప్రజల అదృష్టమే తప్ప హక్కు కాదు. ఆయన బదిలీని ఆపే శక్తి ఓటరుకు లేదు, అసమర్థుడిని సాగనంపే శక్తీ లేదు.

ఇక మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటే సరిపోతుందన్న వాదన. ఆ ముచ్చట మనమూ చూశాము. 2002లో తీగల కృష్ణారెడ్డి హైదరాబాదు మేయర్‌గా ప్రజల ఓటుతోనే గెలిచారు. అయినా కార్యనిర్వాహక అధికారం కమిషనర్ దగ్గరే ఉండిపోయింది. తరువాత ఆ ప్రత్యక్ష ఎన్నికా పోయింది. అధికారం లేని పీఠానికి ఎంత మంది ఓటు వేస్తే ఏం లాభం?

వేరే దారి లేకపోలేదు. కలకత్తా నగరానికి 1980లో చేసిన చట్టం, మంత్రివర్గం తరహాలో మేయర్‌కు ఒక మండలిని ఇచ్చి, కార్యనిర్వహణను దాని చేతిలో పెట్టింది. అక్కడా లోపాలు లేకపోలేదు. కాని తప్పు జరిగితే ఎవరిని అడగాలో ఓటరుకు తెలుసు. 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలను చేర్చినా, వాటి బదలాయింపును రాష్ట్రాల దయకు వదిలివేసింది. ఢిల్లీ తమ హక్కులను హరిస్తోందని వాపోయే ముఖ్యమంత్రులు, తమ నగరాల మేయర్ల హక్కుల మాట వచ్చేసరికి మౌనం వహిస్తారు. సమాఖ్య స్ఫూర్తి రాష్ట్ర రాజధాని గుమ్మం దగ్గరే ఆగిపోతే, అది ప్రజల దాకా చేరేదెన్నడు?